పర్లేదన్న మాట

కోపెన్‌హేగన్ నుంచి వచ్చి మా తీరాన వేసవి ఇల్లు కొనుక్కున్న ఒకావిడ, నేను సహకార దుకాణంలో గల్లా దగ్గర కూర్చునే రోజుల్లో, ఓసారి నా మీద విరుచుకుపడింది. ఆవిడ ఇంటికి రెల్లు కప్పు వేసిన లౌస్ట్ గ్రావెసెన్ నా తమ్ముడని ఎవరో చెప్పారట. ఆరు వారాలు పనిచేసి నిచ్చెన దిగాక, కప్పు ఎలా వచ్చిందని ఆవిడ ఆశగా అడిగితే, వాడు పైకి ఒకసారి చూసి, టోపీ సర్దుకుని, "పర్లేదు" అన్నాడట. అంటే ఎక్కడో లోపం ఉన్నట్టేగా, ఇంకో పనివాణ్ణి పిలిచి చూపించుకోనా అని ఆవిడ గోల. నేను ఆవిడ కొన్న వెన్న, గుడ్లు సంచిలో సర్దుతూ చెప్పాను: అమ్మా, మావాడు పెళ్ళినాడు పెళ్ళికూతుర్ని చూసి కూడా అంతే అన్నాడు, అంతకంటే పెద్ద మెప్పు జట్లాండ్ పడమటి తీరంలో ఇంకా పుట్టలేదు, మీరు ఇంటికెళ్ళి నిశ్చింతగా పడుకోండి.

మా వైపు మగాళ్ళకి ఆ ఒక్క మాటతో జీవితం వెళ్ళిపోతుంది. కొడుకు పుట్టినా పర్లేదు, పడవ మునిగినా పర్లేదు, కాలు విరిగి ఎముక బయటికొచ్చినా పర్లేదు. దాని వెనక ఏముందో ఆడవాళ్ళం మేం పోల్చుకోవాలి. గొంతుని బట్టి, టోపీ లాగిన తీరుని బట్టి, కాఫీ కప్పు బల్ల మీద పెట్టిన చప్పుడుని బట్టి. అదొక విద్య అని, అందులో నన్ను మించినవాళ్ళు లేరని గొప్పలు కూడా చెప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవడం మానేశాను.

లౌస్ట్ నాకన్నా ఆరేళ్ళు చిన్న. ఇప్పుడు అరవై రెండు. చిన్నప్పుడు వాడు ఇలా ఉండేవాడు కాదు. వాగుడుకాయ. సముద్రపు కాకి రెక్క విరిగితే దాన్ని పెట్టెలో పెట్టుకుని దానికి కథలు చెప్పేవాడు. వాడికి ఎనిమిదేళ్ళప్పుడు మా కుక్క బస్సె పాల లారీ కింద పడి చచ్చిపోయింది. వాడు దాన్ని ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో కూర్చుని గుక్కపట్టి ఏడుస్తున్నాడు. మా నాన్న, ఆయన పనివాళ్ళు నలుగురు అరుగు మీద కాఫీ తాగుతున్నారు. ఎవరికీ ఏం చెయ్యాలో తోచక కప్పుల్లోకి చూసుకుంటున్నారు. నాకు పద్నాలుగేళ్ళు. ఆ పనివాళ్ళలో ఒకడు కొంచెం అందగాడు. వాణ్ణి నవ్విద్దామని నా తల రుమాలు విప్పి, తమ్ముడి తలకి కట్టి, గడ్డం కింద ముడి వేసి, "పాప పెళ్ళికి వచ్చింది, చూడండి" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. మా నాన్న కూడా. లౌస్ట్ ఏడుపు కుళాయి కట్టేసినట్టు ఆగిపోయింది. రుమాలు విప్పి నా చేతికిచ్చి, పార తీసుకుని, కుక్కని పాతిపెట్టడానికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత యాభై ఏళ్ళకి పైగా వాడి కంట నీళ్ళు నేను చూడలేదు. చాలా ఏళ్ళు ఈ సంగతి పెళ్ళిళ్ళలో, పుట్టినరోజుల్లో హాస్యంగా చెప్పేదాన్ని. నా మొహం మండ, భలే చెప్పేదాన్ని.

పని మా నాన్న దగ్గరే నేర్చుకున్నాడు. చలికాలం ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ గడ్డకట్టాక మంచు మీద నిలబడి రెల్లు కోయడం, వసంతం నుంచి ఆకురాలే దాకా ఇళ్ళ మీద కప్పడం. వాడు వేసిన కప్పు నలభై ఏళ్ళయినా కారదు. ఇరవై రెండేళ్ళకి బిర్తెని చేసుకున్నాడు. ఆవిడ మాటల పుట్ట. తన మాటలూ మాట్లాడేది, లౌస్ట్ మాటలూ తనే మాట్లాడేది. ఊరికి దూరంగా ఉన్న కొడుకు యెప్పెకి ఫోన్ చేసి, "మీ నాన్నకి నీ మీద బెంగగా ఉందిరా, నాలుగు రోజులు వచ్చి వెళ్ళు" అని చెబుతుంటే, పక్కన లౌస్ట్ పేపరు చదువుతూ తలూపేవాడు. నాలుగేళ్ళ కిందట బిర్తెకి జబ్బుచేసి పోయింది. అప్పట్నుంచి తండ్రీకొడుకులు ఫోన్‌లో గాలి ఎటునుంచి వీస్తోందో చెప్పుకుని పెట్టేసేవాళ్ళు.

యెప్పెకి ముప్పై నాలుగు. సముద్రంలో పాతిన గాలిమరలు బాగుచేసే ఉద్యోగం. రెండు వారాలు నీళ్ళ మీద, రెండు వారాలు ఇంట్లో. ఈ ఏడు ఫిబ్రవరిలో వాడి భార్య లెర్కె విడిపోయి, ఐదేళ్ళ కూతురు తిల్దెని తీసుకుని వైబోర్ పట్నం వెళ్ళిపోయింది. యెప్పె సెలవు పెట్టి, రెండు సంచులతో వచ్చి మా ఇంటి పైగదిలో దిగాడు. తండ్రి ఇంటికి ఎందుకు వెళ్ళలేదని నేను అడగలేదు. అక్కడయితే ఇద్దరు మౌనంగా ఉండాలి. ఇక్కడ నేనున్నాను, ఒకరి నోరు ఇద్దరికి సరిపోతుంది. కిందికి భోజనానికి వచ్చేవాడు, రై రొట్టె ముక్క సగం తిని, పళ్ళెం కడిగి, మళ్ళీ పైకి పోయేవాడు. ఎలా ఉందిరా అంటే ఏమంటాడో మీకు తెలుసు.

మార్చిలో వాళ్ళిద్దర్నీ కుటుంబ వ్యవహారాల ఆఫీసుకి పిలిచారు, పిల్ల ఎవరి దగ్గర ఎన్నాళ్ళుండాలో తేల్చడానికి. అక్కడున్న అమ్మాయి తూర్పు వైపు నుంచి, రాజధాని పక్క నుంచి వచ్చినది. మర్యాదస్తురాలే. పిల్ల తల్లి దగ్గర ఉంటుంది, రెండు వారాలకోసారి శని, ఆదివారాలు తండ్రి దగ్గరికి వస్తుంది అని చదివి, ఇది మీకెలా ఉంది అని యెప్పెని అడిగింది.

"పర్లేదు" అన్నాడు మావాడు.

తండ్రికి సమ్మతమే అని ఆ అమ్మాయి రాసేసుకుంది. ఐదు వారాల తర్వాత మళ్ళీ వస్తే సంతకాలు. లెర్కె వాడి మొహంలోకి ఓ నిమిషం చూసి, సంచి సర్దుకుని వెళ్ళిపోయిందట. ఇదంతా వాడు నా వంటింట్లో నిలబడి, కోటు కూడా విప్పకుండా చెప్పాడు. చెబుతూ గుండీని తిప్పుతున్నాడు, తిప్పి తిప్పి అది ఊడి చేతిలోకొచ్చింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నీ పిల్లని నెలకి నాలుగు రోజులు చూస్తే నీకు చాలా, అలా ఎందుకు అన్నావు అని గట్టిగానే అరిచాను. వాడు తెల్లబోయి చూశాడు. "ఇంకేమనాలి అత్తా?" అన్నాడు. ఎదురుమాట కాదది, నిజంగా అడుగుతున్నాడు. భాషే రానివాణ్ణి పద్యం చెప్పమన్నట్టు నేను వాణ్ణి నిలదీస్తున్నానని అప్పుడు అర్థమైంది. గుండీ కుట్టి ఇచ్చాను.

మర్నాడు సైకిలేసుకుని లౌస్ట్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. వాడు కొట్టంలో సూదులకి నూనె రాస్తున్నాడు. రెల్లు కుట్టే సూదులు మోచేయంత పొడవుంటాయి. కొడుకు చేతిలోంచి మనవరాలు జారిపోతోంది, నువ్వు తండ్రివి, ఏదో ఒకటి మాట్లాడు అన్నాను. వాడు నూనెగుడ్డ మడతపెట్టి, ఏం మాట్లాడను అన్నాడు. అయినా ఆదివారం వచ్చాడు. తండ్రీకొడుకులు నా ముందుగదిలో గంటసేపు కూర్చున్నారు. మూడుసార్లు కాఫీ పెట్టాను, కేకు కోశాను, కావాలనే పెరట్లోకి వెళ్ళి బట్టలు ఆరేశాను. తిరిగొచ్చేసరికి మా ఇంటి చూరు కింద నీటి గొట్టం తుప్పు పట్టిందన్న దగ్గరున్నారు. లేచి వెళ్ళేటప్పుడు లౌస్ట్ గుమ్మంలో ఆగి, "పర్లేదా?" అన్నాడు. "పర్లేదు" అన్నాడు యెప్పె. ఇద్దరి తలలూ పట్టుకుని ఒకదానికొకటి కొట్టాలనిపించింది.

ఏప్రిల్ మొదట్లో లౌస్ట్‌కి ఒక పాత ఇంటి పని వచ్చింది. రెండు వందల యాభై ఏళ్ళ నాటి రైతు ఇల్లు, పాతవన్నీ కాపాడేవాళ్ళ చేతిలో ఉంది. ఇప్పుడు అందరూ మరమేకులూ తీగా వాడి ఒక్కరే బయటనుంచి కప్పేస్తారు. ఈ ఇంటికి మాత్రం తారు పురికొసతో పాత పద్ధతిలోనే కుట్టాలన్నారు. దానికి ఇద్దరు కావాలి. బయట కప్పు మీద ఒకడు రెల్లు పరిచి సూది గుచ్చుతాడు. లోపల అటక మీద ఒకడు ఆ సూదిని అందుకుని, అడ్డకర్ర చుట్టూ తిప్పి, మళ్ళీ బయటికి పంపుతాడు. మధ్యలో మూరెడు మందం రెల్లు. ఒకరికొకరు కనపడరు. రెండు దెబ్బలు కొడితే సూది వస్తోందని, ఒక దెబ్బ కొడితే లాగమని. అంత దగ్గరగా, రోజంతా, మొహాలు చూసుకోకుండా.

లౌస్ట్‌కి ఎప్పుడూ లోపల సూది అందుకునే క్రెస్టెన్ మోకాలికి ఆపరేషనయింది. అందుకని లౌస్ట్ మా గుమ్మం దగ్గరికి వచ్చి, లోపలికి రాకుండా, బూట్లకి మట్టుందని వంకపెట్టి, యెప్పెకి సూది అందుకోవడం ఇంకా గుర్తుందేమో అన్నాడు. చదువుకునే రోజుల్లో వేసవి సెలవులకి తండ్రితో వెళ్ళేవాడు కదా. నేను మెట్ల వైపు చెయ్యి చూపించాను. లౌస్ట్ బూట్లు విప్పి వచ్చి, మెట్ల కింద నిలబడి, "లోపల మనిషి కావాలి" అని పైకి చెప్పాడు. తర్వాత యెప్పె బూట్లు చేత్తో పట్టుకుని దిగి వచ్చాడు. క్రెస్టెన్ మోకాలు నిజంగానే సరిగ్గా అప్పుడే పాడయిందా, లేక మావాడు ఏదైనా ఆలోచించే వచ్చాడా అని ఇప్పటికీ నాకు అనుమానమే. అడిగితే చెప్పే రకమా.

రోజూ పదింటికి నేను కాఫీ బుట్ట తీసుకుని వెళ్ళేదాన్ని. మొదటి మూడు రోజులూ టక్ టక్, టక్, అంతే వినపడింది. సంతకాలకి ఇంక వారమే ఉంది. నాలుగో రోజు నేను అటక నిచ్చెన సగం ఎక్కేసరికి కప్పు బయటనుంచి లౌస్ట్ గొంతు వినిపించింది. యెప్పె చెక్క పలక మీద కూర్చుని ఉన్నాడు, వీపు నా వైపు.

"మీ అమ్మ ఆసుపత్రిలో చివరి వారం ఒక మాట అడిగింది," అన్నాడు లౌస్ట్. "నేను పోతే నువ్వెలా ఉంటావు అని."

రెండు దెబ్బలు. సూది లోపలికొచ్చింది. యెప్పె అందుకున్నాడు.

"పర్లేదన్నాను."

నేను నిచ్చెన మీదే ఆగిపోయాను. బిర్తె మంచం పక్కన నేనూ చాలా రోజులు కూర్చున్నాను, ఈ సంగతి నాకు తెలియదు.

"గోడ వైపు తిరిగి పడుకుంది," అన్నాడు లౌస్ట్. "నా మాటకి అర్థం ఆమెకి తెలుసులే అనుకున్నా. ముప్పై ఆరేళ్ళు కాపరం చేసింది కదా. కానీ ఆ రోజు ఆమెకి అర్థం చేసుకునే ఓపిక లేదురా. నా నోటితో వినాలనుకుంది. నోటిదాకా వచ్చింది కూడా. చెప్పలేదు. ఆమె పోయాక ఒక్క రోజు కూడా బాగోలేదు నాకు."

గాలికి రెల్లు సరసరమంది.

"నువ్వు ఆ ఆఫీసులో అదే అన్నావని అక్క చెప్పింది. ఆ మాట నాది. నా దగ్గరే నేర్చుకున్నావు. నాకిచ్చెయ్."

యెప్పె చేతిలో సూది అలాగే ఉంది. బయటనుంచి ఒక దెబ్బ వినపడింది, లాగమని. సూది కదల్లేదు. యెప్పె చొక్కా చెయ్యి నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు, చప్పుడు బయటికి పోకుండా. అంత పెద్ద భుజాలు, చిన్నపిల్లాడి భుజాల్లా ఎగిరెగిరి పడుతున్నాయి. నా పరిస్థితి చెప్పాలి. కాళ్ళు లాగుతున్నాయి, బుట్ట బరువుగా ఉంది, నా నాలుక చివర ఒక వేళాకోళం తయారుగా ఉంది. అలవాటు. మగవాడు ఏడుస్తుంటే చూడలేక ఏదో ఒకటి అనేసి నవ్వించడం, అది నా జబ్బు. ఆ నిమిషంలో గడ్డం కింద ముడి వేసిన నా తల రుమాలు కళ్ళకి కట్టింది. నోరు మూసుకున్నాను. బుట్ట మెట్టు మీద పెట్టి, చప్పుడు కాకుండా దిగి, నిచ్చెన కింద గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"సూదికి తొందరేం లేదు," అన్నాడు లౌస్ట్ పైనుంచి. "నేనిక్కడే ఉన్నా."

చాలాసేపటికి యెప్పె గొంతు వినపడింది, ముక్కు పూడుకుపోయి.

"తిల్దె పళ్ళు తోముకుంటూ పాడుతుంది నాన్నా. నోటినిండా నురగతో. ఆ పాట వినపడక నాకు నిద్ర పట్టట్లేదు."

"ఆ ముక్కే అక్కడ చెప్పు."

"మధ్యలో గొంతు రాకపోతే?"

"రాకపోతే ఆగు. ఇప్పుడు ఆగలేదా? ఏమయింది?"

ఇంకాసేపటికి లోపల్నుంచి రెండు దెబ్బలు, పురికొస జారిన చప్పుడు. సూది బయటికెళ్ళింది. ఆ రోజు కాఫీ చల్లారిపోయిందని ఎవరూ నన్ను దెప్పలేదు.

గురువారం లౌస్టే కారు నడుపుకుంటూ తీసుకెళ్ళాడు. పెళ్ళిళ్ళకీ చావులకీ వేసుకునే కోటు వేసుకుని, ఆఫీసు వసారాలో కుర్చీలో కూర్చున్నాడట. లోపల జరిగింది యెప్పె నాకు చెప్పాడు. ఆ అమ్మాయి కాగితం చదివి, ఇలాగే సంతకం చేస్తారా అని అడిగితే, వీడి నోరు దాని దారిన అది "పర్లే" దాకా వెళ్ళిపోయింది. అక్కడ ఆగి, "నాకు బాలేదు" అన్నాడట. తర్వాత పళ్ళు తోముకునే పాట సంగతి మొదలుపెట్టాడు. సగంలో గొంతు పూడుకుపోయింది. ఆ అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు జరిపింది. వీడు ఆగాడు. గొంతు తిరిగొచ్చాక మిగతాది చెప్పాడు.

లెర్కె ఏడ్చింది. జాలితో కాదు, కోపంతో. రెండేళ్ళుగా ఎలా ఉన్నావు, ఏమనుకుంటున్నావు అని అడిగి అడిగి నా నోరు పడిపోయింది, నీకు మేం పట్టమనుకున్నాను, ఇప్పుడా ఈ మాట చెప్పేది అంది. వాడు అవునన్నాడు. కాపరం మళ్ళీ నిలబడలేదు, నిలబడుతుందని ఎవరూ అనుకోనూ లేదు. కానీ ఆ కాగితం చింపేసి కొత్తది రాశారు. పద్నాలుగు రోజుల్లో ఐదు రాత్రులు తిల్దె తండ్రి దగ్గర ఉంటుంది, చలికాలంలో మళ్ళీ కూర్చుని ఇంకా పెంచాలేమో చూస్తారు. వాడు సముద్రం మీద పని వదిలి రేవులో ఒడ్డు మీద షెడ్డులో పని అడిగి తీసుకున్నాడు. జీతం కొంచెం తక్కువ.

తిరుగుదారిలో కారులో ఎవరు మాట్లాడారు అని అడిగితే, "నేనే. నాన్న రెండుసార్లు దారి తప్పాడు" అన్నాడు యెప్పె.

ఇప్పుడు తిల్దె మా పైగదిలో ఐదు రాత్రులు ఉంటుంది. పాట నేనూ విన్నాను, రాగం గీగం ఏం లేదు, నురగంతా అద్దం మీదే. ఆ పిల్లకి మా వైపు మాట ఇంకా అంటలేదు. మొన్న లౌస్ట్ చేపల పులుసు కాచి, ఎలా ఉంది అని అడిగితే, "బాలేదు తాతా, ఉప్పెక్కువ" అంది. వాడు అంతసేపు నవ్వడం నేను ఈ నాలుగేళ్ళలో చూడలేదు.

సెప్టెంబరులో ఆ పాత ఇంటి నడికొప్పు కప్పడంతో పని అయిపోయింది. ఆ మధ్యాహ్నం నేనూ లౌస్టూ గోడ పక్క బల్ల మీద కూర్చున్నాం. యెప్పె, తిల్దె వాకిట్లో రాలిన రెల్లు ఊడుస్తున్నారు, అంటే యెప్పె ఊడుస్తుంటే తిల్దె చిందరవందర చేస్తోంది. ఏప్రిల్ నుంచి నా గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది. మాటల్లో నన్ను మించినవాళ్ళు లేరని పేరున్నదాన్ని, ఐదు నెలలు పట్టింది నాకు.

"ఒరేయ్, బస్సె చచ్చిపోయిన రోజు గుర్తుందా?" అన్నాను.

వాడు వాకిలి వైపే చూస్తున్నాడు. "గళ్ళ రుమాలు," అన్నాడు. "ఎర్రది."

"తప్పు చేశానురా."

వాడి చెయ్యి టోపీ దాకా వెళ్ళింది. పెదాలు కదిలాయి, "పర్..." అన్నంత వరకు వినపడింది. నేను కూడా ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాను, వాడు అది అనేస్తే లేచి కాఫీ కప్పులు సర్దుకోవచ్చు. వాడు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నొప్పేసిందక్కా," అన్నాడు. "చాలా నొప్పేసింది."

కళ్ళు తడిగానే ఉన్నాయి, తుడుచుకోలేదు. తర్వాత బస్సె గురించి చెప్పడం మొదలుపెట్టాడు. దానికి ఎడమ చెవి ఒక్కటే తెల్లగా ఉండేదనీ, బడి వదిలే వేళకి పాలకేంద్రం మలుపు దాకా ఎదురొచ్చేదనీ, ఆ రోజు కూడా తనకి ఎదురు రాబోయి లారీ కింద పడిందనీ. నాకు అది తెలియనే తెలియదు. వాడు అలా చెబుతూ పోయాడు, నేను మధ్యలో ఒక్క మాట కూడా అనకుండా వింటూ కూర్చున్నాను.